ఎవరి పటం ఎవరి ముందు

ఆర్ట్ స్పీగెల్మన్ రాసి గీసిన ‘మౌస్’ రెండో భాగం ఒక చిక్కుతో మొదలవుతుంది. తన భార్య ఫ్రాన్స్వాజ్‌ని ఏ జంతువుగా గీయాలి? ఆ పుస్తకంలో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలండు వాళ్లు పందులు, అమెరికన్లు కుక్కలు. ఫ్రాన్స్వాజ్ ఫ్రాన్సులో పుట్టింది. మామగారి తృప్తి కోసం యూదు మతం పుచ్చుకుంది. మరి ఆమెకు కప్ప తల పెట్టాలా, ఎలుక తల పెట్టాలా? స్పీగెల్మన్ చెట్టు కింద కూర్చుని నోటుపుస్తకంలో రకరకాల తలలు గీసి చూసుకుంటుంటాడు. ఆమె వచ్చి, ఇందులో ఆలోచించడానికేముంది, నేను మతం మారాను కదా, ఎలుకనే అంటుంది. అతను వెంటనే ఒప్పుకోడు. ఫ్రెంచివాళ్లు యూదులను తరతరాలుగా ద్వేషించిన సంగతి ఎత్తుతాడు. ఇద్దరూ ఇలా వాదించుకుంటున్నంతసేపూ ఆమె ఎలుక తలతోనే కనిపిస్తుంది. అంటే నిర్ణయం అప్పటికే జరిగిపోయింది. అయినా ఆ తగాదాను చెరిపేయకుండా పుస్తకంలో ఉంచాడు.

వరంగల్‌లో ఒక డిగ్రీ కాలేజీలో నేను ఇంగ్లీషు చెబుతాను. చివరి ఏడాది పిల్లలకు గ్రాఫిక్ నవలల మీద ఒక ఎలక్టివ్ ఉంది. అస్తిత్వం, వైవిధ్యం అన్నవి ఆ కోర్సుకు రాసుకున్న లక్ష్యాలు. ఈ రెండు మాటలతో పాఠం మొదలుపెడితే పిల్లలు నోట్సు రాసుకుంటారు గానీ కదలరు. అందుకని మొదటి గంటలో మౌస్‌లోని ఈ పేజీనే తెర మీద వేస్తాను. ఒక మనిషిని ఏ తలతో గీయాలన్నది ఎవరు తేల్చాలి? పుట్టుకా, మతమా, పెళ్లా, ఆమె మాటా, గీసేవాడి చెయ్యా? ఆ ప్రశ్న అడిగాక లక్ష్యాలు బోర్డు మీద రాయాల్సిన పని ఉండదు.

వచనంలో ఈ ఇబ్బంది లేదు. ఒకావిడ లోపలికి వచ్చిందని రాసేసి రచయిత ముందుకు పోవచ్చు. ఆవిడ ఒంటిరంగు ఏమిటి, చీర ఎలా కట్టింది, నుదుట ఏముంది, మెడలో ఏముంది, ఇవేమీ చెప్పకపోయినా కథ నడుస్తుంది. చదివేవాళ్లు తమకు అలవాటైన ముఖం ఒకటి ఆమెకు తగిలించుకుంటారు. ఆ అలవాటు ముఖం ఎవరిదన్నది ఎవరూ అడగరు. బొమ్మ గీసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. కలం కాగితానికి తగిలిందంటే ముక్కు ఏదో ఒక రకంగా ఉండి తీరాలి, చర్మానికి ఏదో ఒక రంగు పడి తీరాలి. తెల్లగా వదిలేసినా అదీ ఒక నిర్ణయమే.

పిల్లల చేత దీన్ని చేయించి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఒక డాక్టరును, ఒక రైతును, ఒక కలెక్టరును గీయమంటాను. బొమ్మలు రావు మేడం అంటారు. రాకపోయినా సరే, చీపురుపుల్లల మనుషులైనా సరే అంటాను. కలెక్టరు దాదాపు ఎప్పుడూ మగవాడే. రైతుకు తలపాగా, మీసం. మా తరగతిలో చాలామంది తల్లులు పత్తి చేలల్లో కలుపు తీసేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు. అమ్మ సంపాదించిన డబ్బుతో ఫీజు కట్టి వచ్చిన అమ్మాయి కూడా రైతు అనగానే తలపాగా గీస్తుంది. ఎవరూ నేర్పకుండా ఆ బొమ్మ ఆమె చేతిలోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న దగ్గర నుంచి నా కోర్సు నిజంగా నడక సాగిస్తుంది.

నా చేతిలోకి వచ్చిన బొమ్మలు ఎక్కడివో నాకు తెలుసు. 1947 జూలైలో మొదలైన చందమామ మా ఇంట్లో నా కంటే ముందు తరం నుంచీ ఉంది. వడ్డాది పాపయ్య గారి అట్టమీది బొమ్మల ముందు గంటలు గంటలు కూర్చున్న పిల్లను నేను. ఆ రంగుల మీద నాకున్న ప్రేమ ఏ సిద్ధాంతం చదివినా తగ్గలేదు, తగ్గాలని కూడా అనుకోను. ఆ తర్వాత అమర్ చిత్ర కథ. అనంత్ పై 1967లో మొదలుపెట్టిన ఆ పుస్తకాలు ఊరూరి పిల్లలకూ పురాణాలను ముఖాలతో సహా అందించాయి. అందులో రాకుమారులు పసుపు ఛాయ, గులాబీ ఛాయ. రాక్షసులు నల్లన, లేకపోతే గోధుమవన్నె, బొద్దుమీసాలు, బండముక్కు. రాముడు, కృష్ణుడు నల్లనివాళ్లని ప్రతి పాటా చెబుతుంది. వాళ్లను నీలంగా గీశారు. మా నాన్న ఛాయలో ఉన్న వీరుణ్ని నేను ఆ పేజీల్లో వెతికిన గుర్తు లేదు. వెతకాలని తోచనే లేదు. అలా తోచనివ్వకపోవడమే ఆ బొమ్మల బలం.

మనకు బొమ్మల కథలు కొత్త కాదన్న సంగతిని పిల్లలకు చెప్పేటప్పుడు నేను చందమామ దగ్గర ఆగను. మా ఊళ్లకు దగ్గరలోనే చేర్యాల ఉంది. ఇప్పుడది సిద్దిపేట జిల్లా. అక్కడి నకాషీలు ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, దాని మీద ఎర్రటి నేల వేసి కథను అడ్డవరసలుగా గీసుకుంటూ వస్తారు. వరసకూ వరసకూ మధ్య పూల అంచు. చుట్టను పైనుంచి కిందికి విప్పుతుంటే కథ నడుస్తుంది. గడులు, వరసలు, కాలం కింది వైపు జారడం, అన్నీ ఉన్నాయి. విల్ ఐస్నర్ 1978లో ‘ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్’ వేసి, గ్రాఫిక్ నవల అనే పేరును జనంలోకి తెచ్చాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. చెప్పనివ్వండి. మన దగ్గర అంతకు ఎన్నో తరాల ముందే పటం కథ ఉంది.

అయితే ఆ పటాల్లో నన్ను పట్టి నిలిపే విషయం వేరే ఉంది. అవి కులపురాణాలు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, దాన్ని చెప్పేవాళ్లు కూనపులివాళ్లు. రజకులకు మడేల్ పురాణం. గౌడులకు గౌడ పురాణం. మాదిగలకు జాంబపురాణం, చెప్పేది డక్కలివాళ్లు. ప్రతి కులానికీ తన పుట్టుక ఎంత గొప్పదో చెప్పే కథ ఒకటి, దాన్ని చెప్పే హక్కున్న ఆశ్రిత కులం ఒకటి, పటం గీసిచ్చే నకాషీ ఒకడు. జాంబపురాణం వింటే ఈ భూమికి మొదటి మనిషి ఎవరో తెలుస్తుంది. ఊరి చివర ఉన్నవాడే సృష్టికి మొదట ఉన్నాడు. ఇంతటి ధిక్కారం రంగుల్లో గీసి ఉన్న బట్ట ఊళ్లలో తిరిగింది. తిరిగింది గానీ, ఎవరి పటం వాళ్ల వాడలోనే విప్పారు. పద్మశాలీల ఇళ్ల ముందు డక్కలాయన పటం విప్పలేదు. మాదిగవాడలో మార్కండేయుడి కథ చెప్పలేదు. పక్కవాడి పురాణం ఏమిటో తెలియకుండానే ఒకే ఊళ్లో బతికారు.

కాలేజీ తరగతిలో నేను చేస్తున్న పని ఏమిటని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. ఒకరి పటాన్ని మరొకరి ముందు విప్పడం. ఇది తేలికైన పని కాదు. తనవాళ్ల మధ్య విప్పినప్పుడు పటం గర్వాన్నిస్తుంది. పరాయివాళ్ల ముందు విప్పితే, ఆ పటం ఎవరిదో వాళ్లు చూపులకు దొరుకుతారు.

‘భీమాయన’ చెప్పేటప్పుడు ఇది నాకు ముఖాముఖి ఎదురైంది.

ఆ పుస్తకాన్ని నవయాన సంస్థ 2011లో వేసింది. అంబేడ్కర్ తన అనుభవాలు రాసుకున్న ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ దానికి ఆధారం. కథనం శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్‌లది. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే మధ్యప్రదేశ్ గోండు దంపతులవి. వాళ్లు పర్ధాన్లు. గోండుల వంశకథలు పాడేవాళ్లే పర్ధాన్లు. మన ఆదిలాబాద్‌లోనూ ఉన్నారు, కిక్రి వాయిస్తూ గోండు వీరుల కథలు చెబుతారు. అంటే కూనపులివాళ్లలాగా, డక్కలివాళ్లలాగా తరతరాలుగా ఇంకొకరి చరిత్రను మోసుకుతిరిగిన వాళ్లు అంబేడ్కర్ కథను చేతికి తీసుకున్నారు. ఇది తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది నాకు.

వాళ్లు తమ మనుషులను పెట్టెల్లో బంధించబోమన్నారు. అందుకే భీమాయనలో నలుచదరపు గడులు లేవు. గోండులు ఇంటి గోడల మీద, నేల మీద వేసే దిగ్నా ముగ్గుల అంచులే పేజీలను వంపులు వంపులుగా విడదీస్తాయి. మాటల బుడగలు కూడా మామూలువి కావు. మెత్తని మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. కులం విషం నిండిన మాట బుడగకు తేలు కొండి ఉంటుంది. మనసులో అనుకునే మాటకు ఒక కన్ను. ఒకసారి ఈ లెక్క తెలిశాక అక్షరం చదవకముందే ఆ మాట కుడుతుందో లేదో మనకు తెలిసిపోతుంది. కులం ఊళ్లో పనిచేసేది కూడా ఇలాగే కదా. నోరు తెరవకముందే, పిలిచే తీరులోనే ఉంటుంది కొండి.

సతారా బడిలో దాహం వేసిన పిల్లాడు. కుళాయి ఉంది. తాను ముట్టకూడదు. ప్యూను వచ్చి పోస్తేనే నీళ్లు, ప్యూను రాకపోతే లేవు. తర్వాత 1901లో తండ్రిని చూడటానికి కోరెగావ్ బయల్దేరిన పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగితే, కులం తెలిశాక బండివాడు బండి తోలనన్నాడు. రెట్టింపు కిరాయి తీసుకుని, బండి పిల్లలే తోలుకునేట్టు ఒప్పుకున్నాడు. చేతిలో అన్నం ఉంది, దారి పొడుగునా నీళ్లు పోసిన మనిషి లేడు. అమెరికాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా వచ్చిన మనిషికి తలదాచుకునే చోటు లేదు. పారసీ సత్రంలో పేరు మార్చుకుని ఉంటే కర్రలు పట్టుకుని వచ్చి గెంటేశారు. ఈ సంగతులన్నీ పిల్లలు పదో తరగతి లోపే ఎక్కడో ఒకచోట పాఠంగా చదివినవే. చదివి మార్కులు తెచ్చుకున్నవే. బొమ్మలో చూసినప్పుడు మాత్రం తరగతి వేరుగా కూర్చుంది. “మేడం, ఇది మా ఊరి బోరింగు లెక్కనే ఉంది” అన్నాడొకడు. చేతిపంపును మేం బోరింగు అంటాం. ఆ మాటతో సతారా మా జిల్లాకు వచ్చేసింది.

ఆ గంట అయ్యాక ఇంకో అబ్బాయి నా గది దాకా వచ్చాడు. ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునేవాడు, పుస్తకం గట్టిగా చదవమంటే చక్కగా చదివేవాడు. “మేడం, ఈ పుస్తకం నా కోసం పెట్టిన్రా, వాళ్ల కోసం పెట్టిన్రా?” అని అడిగాడు. చదువుతున్నంతసేపూ అందరూ తెర వైపు కాకుండా తన వైపు చూస్తున్నారని చెప్పాడు. అతని గొంతులో కోపం లేదు. జవాబు కావాలంతే.

నేను కూర్చోమన్నాను. ఈ కథ నీకు తెలిసిందే కాబట్టి నీ కోసం కాదని చెప్పబోయి ఆగిపోయాను. తెలిసిన కథను ఇంత అందంగా గీసి ఉండగా చూసే హక్కు అతనికి లేదా? పోనీ వాళ్ల కోసం అంటే, వాళ్ల పాఠానికి ఇతని బతుకు ఉపకరణమా? జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు తన గోడు వినడానికి మనిషిని కాక గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. గుడిలోకి పోగలిగేది అదే కాబట్టి. అంటే వినవలసినవాడు వినే చోటు మాట్లాడవలసినవాడికి మూసి ఉంది. మా తరగతిలో తలుపు తెరిచే ఉంది, అందరూ పక్కపక్కనే కూర్చుంటారు. కానీ ఒక్కడి పటం మాత్రమే విప్పి, మిగతావాళ్లు చుట్టూ ప్రేక్షకులుగా కూర్చుంటే తలుపు తెరిచీ ఏం లాభం? ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు నోటితో చెప్పదగ్గది కాదని, కోర్సు నడిపే తీరులోనే కనబడాలని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

వైవిధ్యం పేరుతో నడిచే ప్రతి పాఠానికీ ఈ ప్రమాదం ఉంది. ఒక్కో పుస్తకాన్ని ఒక్కో జాతికి ప్రతినిధిగా నిలబెట్టి, ఆ జాతి మనిషి తరగతిలో ఉంటే ఆమె వైపు తిరిగి, మీవాళ్లలో అంతేనా అని అడగడం. మర్జానె సత్రాపి ‘పర్సెపోలిస్’ చెప్పినప్పుడు అదే జరగబోయింది. ఆ పుస్తకం ఫ్రెంచిలో 2000 నుంచి 2003 దాకా నాలుగు భాగాలుగా వచ్చింది. మొదటి అధ్యాయమే ముసుగు గురించి. 1980, టెహరాన్, పదేళ్ల ఆడపిల్లల తరగతి ఫొటో. అందరికీ నల్లటి ముసుగులు. సత్రాపి ఎడమ చివర కూర్చుని ఉంటుంది గానీ గడి అంచు ఆమెను కోసేస్తుంది. తన కథ మొదటి పేజీలోనే తాను ఫ్రేములో పట్టలేదు. అదే పేజీ కింది భాగంలో పిల్లలు ఆ ముసుగులతో గుర్రప్పగ్గాల ఆట ఆడుతుంటారు, తాడాట ఆడుతుంటారు.

మా తరగతిలో హిజాబ్ వేసుకుని వచ్చే అమ్మాయి ఒకతె ఉంది. ఈ పేజీ చూడగానే నలుగురైదుగురు ఆమె వైపు తిరిగారు. ఆమె తడుముకోకుండా, “నన్నెందుకు చూస్తరు? ఆమె ఇరాన్‌ల ఉన్నది, నేను హన్మకొండల ఉన్న. ఆమెను తియ్యనియ్యలే, నన్ను వేసుకోనియ్యరు. రెండూ ఒక్కటెట్లయితయ్?” అంది. తర్వాత ఇంకో మాట అంది. ఈ పుస్తకంలో అందరూ ముసుగు దగ్గరే ఆగుతున్నారని, తనకు మాత్రం పనిపిల్ల మెహ్రీ కథ మీద మాట్లాడాలని ఉందని.

ఆమె చెప్పాకే తరగతి ఆ అధ్యాయం మీద కూర్చుంది. మెహ్రీ చిన్నప్పుడే సత్రాపి వాళ్లింట్లో పనికి కుదిరిన పల్లెటూరి పిల్ల. చదువు రాదు. ఎదురింటి అబ్బాయికి ఆమె రాయాల్సిన ప్రేమలేఖలు చిన్నారి సత్రాపి రాసిపెట్టేది. విషయం బయటపడ్డాక, విప్లవాలు మాట్లాడే తండ్రే ఆ ప్రేమ కుదరదని తేల్చేస్తాడు, అంతస్తులు వేరు కదా అంటాడు. ఒకే మంచం మీద పడుకునే ఆ ఇద్దరు పిల్లలు ఒక తరగతి మనుషులు కారన్న సంగతి సత్రాపికి ఆ రోజు అర్థమవుతుంది. ఇదంతా సత్రాపి తన కుటుంబం మీద తానే గీసింది. తమను బాధించినవాళ్లను చూపించిన కలంతోనే తన ఇంట్లో జరిగిన అన్యాయాన్నీ చూపించింది. నా దృష్టిలో ఆ పుస్తకం గొప్పదనం అక్కడ ఉంది, ముసుగు దగ్గర కాదు.

మౌస్ కూడా అంతే. స్పీగెల్మన్ తండ్రి వ్లాడెక్ ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడ్డ మనిషి. పోలండులో దాక్కుని తిరిగే రోజుల్లో అతను పంది ముసుగు కట్టుకుని పోలండువాడిగా చలామణీ అవుతాడు. పక్కన భార్య ఆన్యా కూడా పంది ముసుగే కట్టుకుంటుంది, కానీ కోటు కింద నుంచి ఎలుక తోక నేల మీద జీరాడుతుంటుంది. ఆమె ముఖం చూస్తే యూదురాలని తెలిసిపోయేదట. ఆ తోక ముందు మా పిల్లలు చాలాసేపు ఆగారు. ఇంటిపేరు మింగేసి పేరు మాత్రమే చెప్పేవాళ్లకు, అద్దె ఇల్లు వెతుకుతూ ఏమిట్లు అన్న ప్రశ్నకు తడబడ్డవాళ్లకు ఆ తోక ఏమిటో నేను విప్పి చెప్పనక్కర్లేకపోయింది. అయితే అదే వ్లాడెక్, ఎన్నో ఏళ్ల తర్వాత అమెరికాలో, కోడలు దారిలో ఒక నల్లజాతి మనిషిని కారెక్కించుకుంటే మండిపడతాడు. ఇంత పడ్డ నువ్వు ఇలా ఎలా మాట్లాడగలవని కోడలు అడిగితే, యూదులకూ వాళ్లకూ పోలికే లేదంటాడు. కొడుకు ఈ సన్నివేశాన్ని దాచలేదు. బాధితుడికి గౌరవం ఇవ్వాలంటే అతణ్ని దేవుణ్ని చేయాల్సిన పని లేదన్న నమ్మకం ఉన్నవాడే అలా గీయగలడు.

అమెరికాలో పెరుగుతున్న మా అక్క కూతురు అక్కడి కాలేజీలో ఇలాంటి కోర్సే తీసుకుంది. వాళ్లకు జీన్ లుయెన్ యాంగ్ రాసిన ‘అమెరికన్ బార్న్ చైనీస్’ పెట్టారు. 2006లో వచ్చిన పుస్తకం, అమెరికా నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకెక్కిన మొదటి గ్రాఫిక్ నవల. జిన్ అనే చైనా మూలాలున్న అమెరికన్ కుర్రాడు మధ్యాహ్నం డబ్బా తెరిస్తే తోటిపిల్లలు కుక్కమాంసం తింటున్నాడని వెక్కిరిస్తారు. మా పిల్ల పులిహోర డబ్బా సంగతి నాకు ఫోనులో చెప్పింది. చెప్పి, “పిన్నీ, క్లాసులో ఏషియన్ అనగానే అందరూ నా వైపు చూస్తారు” అంది. మా వరంగల్ అబ్బాయి అన్న మాటే అది. అయితే ఆమె అక్కడ ఆగలేదు. ఇక్కడికి సెలవులకు వచ్చినప్పుడు తాను ఎవరి వైపు చూడకుండా ఉంటుందో తనకే తెలియదని అంది. ఆ పుస్తకంలో వానరరాజును దేవతల విందుకు రానివ్వరు, కాళ్లకు చెప్పులు లేవని. అతను ఇంటికొచ్చి కోతులన్నిటికీ బూట్లు తొడిగిస్తాడు. అవమానం పొందినవాడు తనవాళ్ల మీద ఏ చట్టం తెస్తాడో చూడండి. ఇంగ్లీషు మీడియం గురించి, మన యాస గురించి మా పిల్లలు ఈ ఒక్క పేజీ మీద మాట్లాడినంత నేనెక్కడా వినలేదు.

ఇక ఆ అబ్బాయి ప్రశ్న. భీమాయన తర్వాత అందరికీ ఒకే పని ఇవ్వడం మొదలుపెట్టాను. ‘మా ఇంట్లో నీళ్లు.’ నాలుగు గడులు. నీళ్లు ఎక్కడ ఉంటాయి, ఎవరు పడతారు, ఎవరు ముంచుతారు, ఏ గ్లాసుతో తాగుతారు. కులం అన్న మాట రాయనక్కర్లేదు. పోలికల కోసం మినే ఒకుబో పుస్తకం ‘సిటిజన్ 13660’ చూపిస్తాను. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను శిబిరాల్లో పెట్టినప్పుడు కెమెరాలు దగ్గర ఉంచుకోనివ్వలేదు. ఆమె కలంతో గీసి 1946లో వేసింది. దాదాపు ప్రతి బొమ్మలో ఒక మూల తను కూడా ఉంటుంది, చూస్తూ. మీరూ మీ బొమ్మలో ఎక్కడో ఒకచోట ఉండాలి, అదొక్కటే నా షరతు. దూరం నుంచి గీయకూడదు.

కులమంటే వాళ్లకే ఉంటుంది, మాకేముంది అన్న ధోరణిలో కూర్చునే పిల్లలు కూడా ఈ నాలుగు గడుల దగ్గర నెమ్మదిస్తారు. తండా నుంచి వచ్చిన అమ్మాయి ట్యాంకరు కోసం బిందెల వరస గీసింది. ఒకడు మినరల్ వాటర్ క్యాను గీసి, తమ వాడలో క్యాను వచ్చాకే చుట్టాలు నీళ్లు అడిగి తాగుతున్నారని రాశాడు. ఆ వాక్యం నన్ను చాలా రోజులు వదల్లేదు. కలిగిన కుటుంబం నుంచి వచ్చిన ఒక అమ్మాయి నాలుగో గడిలో పెరటి పిట్టగోడ గీసి, దాని మీద బోర్లించిన ఒక స్టీలు గ్లాసు పెట్టింది. అది పనామె గ్లాసు. పైనుంచి ఒక చెయ్యి చెంబు వంచుతుంటే, కింద రెండు చేతులు ఆ గ్లాసు పట్టుకుని ఉండడం మూడో గడి. వంటింటి గడప మీద తను. బొమ్మలన్నీ గోడకు అంటించి అందరం తిరిగి చూస్తున్నప్పుడు, నన్ను ప్రశ్న అడిగిన అబ్బాయి దాని ముందు నిలబడిపోయాడు. “ఆ గ్లాసు ఇప్పటికీ ఉన్నదా?” అన్నాడు. ఉందని ఆమె తల ఊపింది. “ఈమెకు ముఖం ఎందుకు పెట్టలేదు?” అన్నాడు మళ్లీ. ఆమె తడబడి, ముఖం గీయడం రాలేదంది. చెంబు వంచే చేతికీ ముఖం లేదని, అది వాళ్లమ్మదని ఎవరూ ఎత్తిచూపలేదు. అది ఆమెకు తెలుసు.

ఆ రోజు తర్వాత ఆ అబ్బాయి తన ప్రశ్న మళ్లీ వేయలేదు. తేలిపోయిందని నేను చెప్పను. ఆ గోడ మీద అతనిదొక్కటే పటం కాదు, అంతవరకు చెప్పగలను.

బొమ్మల పుస్తకాలు డిగ్రీ పిల్లలకేమిటని అడిగే సహోద్యోగులు ఇప్పటికీ ఉన్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు ఆనర్స్‌లో భీమాయన పెట్టిందని, మౌస్‌కు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చిందని చెబితే తగ్గుతారు. బొమ్మ చిన్నపిల్లల సరుకు కాదనడానికి నాకు కనిపించే పెద్ద రుజువు మాత్రం వేరు. 2022 జనవరిలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో మెక్‌మిన్ కౌంటీ స్కూలు బోర్డు ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి మౌస్‌ను తీసేసింది. కొన్ని బూతుమాటలు, ఒక నగ్నచిత్రం కారణమన్నారు. ఆ చిత్రంలో ఉన్నది ప్రాణం తీసుకున్న తల్లి. అంత దుఃఖంలో అసభ్యతను వెతికినవాళ్లు బొమ్మకు నిజంగానే భయపడ్డారు. తేలిక సరుక్కి ఎవరూ భయపడరు.

నాకున్న తలనొప్పి పరీక్ష. అస్తిత్వ సమస్యను చర్చించుము అని పది మార్కుల ప్రశ్న ఇస్తే, గైడు కొనుక్కుని రాసేయగలరు. అందుకే సగం మార్కులు గీసినదానికే పెట్టాం. గీత బాగుందా లేదా అని చూడం. ఎవరిని ఎక్కడ నిలబెట్టారు, ఎవరికి ముఖం ఇచ్చారు, ఎవరిని గడి అవతల వదిలేశారు, ఎందుకు, ఇవి అడుగుతాం. పిల్లలు ఆ ఎందుకుకు పేజీలకు పేజీలు రాస్తారు.

సెమిస్టరు చివర ఆ పిట్టగోడ అమ్మాయి తన కాగితం మళ్లీ తెచ్చింది. ఐదో గడి అతికించుకుని వచ్చింది. అందులో పనామె ముఖం ఉంది. పదేళ్లుగా రోజూ చూస్తున్న మనిషే అయినా కళ్లు మూసుకుంటే ముఖం రాలేదట. ఎదురుగా కూర్చోమని అడిగి గీసిందట. ఆమె మొదట సిగ్గుపడి, తర్వాత కాగితం తీసుకుని చూసి, ముక్కుపుల్ల కుడిదిక్కు పెట్టినవ్, నాది ఎడమదిక్కు అందట. చెరిపి మళ్లీ గీసిన మరక కాగితం మీద ఉంది. కింద ఆమె పేరు రాసి ఉంది. గ్లాసు సంగతి అడిగాను. వాళ్లమ్మతో రెండుసార్లు గొడవ అయిందట, గ్లాసు ఇంకా పిట్టగోడ మీదనే ఉందట.

అయితే ఆరో గడిలో అది గీయమన్నాను. ఈసారి చెంబు పట్టుకున్న ఆమెకు కూడా ముఖం పెట్టమన్నాను.